పుణె నుంచి సాస్వడ్ దాకా పల్లకీ వెంట ఒక రోజు: నడవబోయేవాళ్లకి ఒక టైలరమ్మ చెప్పే సంగతులు

మృగశిర కార్తె దగ్గర పడగానే అనంతపురం నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "ఈసారి మేమూ వస్తాం, ఆ పల్లకీ వెంట ఒక్క రోజు నడుస్తాం, ఏమేం తెచ్చుకోవాలి?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి, ఈసారి రాసి పెడుతున్నాను.

నేను పుణెలో హడప్సర్ వైపు లేడీస్ టైలర్‌ని. ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్లు. ఏటా పండరిపురం విఠోబా దగ్గరికి జనం నడిపించుకుపోయే, మరాఠీ సంతు జ్ఞానేశ్వర్ మహారాజ్ పాదుకల పల్లకీ మా వీధి చివర రోడ్డు మీదుగానే పోతుంది. మొదట్లో బిందె పెట్టుకుని నీళ్లు పోసేదాన్ని. 2014 నుంచి నడుస్తున్నాను. కరోనా వల్ల 2020, 2021లో పాదుకలు బస్సులో వెళ్లాయి కాబట్టి ఆ రెండేళ్లు వదిలేస్తే పది సార్లు బయల్దేరాను, తొమ్మిది సార్లు చేరాను. ఆ చేరని ఒక్కసారి సంగతి బూట్ల దగ్గర చెబుతాను.

ముందే ఒకటి. దారిలో దివే ఘాట్ అనే కొండ రోడ్డు ఉంది, అందరూ అది ఎక్కగలమా అని టెన్షన్ పడతారు. ఘాట్ ఎవర్నీ పడగొట్టదు. మనిషిని పడగొట్టేవి రెండు: ఘాట్‌కి ముందున్న చదునైన తారు రోడ్డు, ఘాట్ ఎక్కేశాక "ఇంకేం, అయిపోయింది" అనుకున్నాక మిగిలే దారి. కింద చెప్పే ప్రతి జాగ్రత్తా ఆ రెండింటి కోసమే.

ఏ రోజు రావాలి

పంచాంగం చూసుకుంటే చాలు. పుణె పక్కన ఉన్న ఆళందిలో జ్యేష్ఠ బహుళ అష్టమినాడు పల్లకీ కదులుతుంది. జ్ఞానేశ్వరుడు 1296లో సమాధి తీసుకున్న ఊరు అది. మర్నాటికి పుణె చేరి, అక్కడ భవానీ పేఠ్‌లోని విఠోబా గుడిలో రెండు రాత్రులు ఆగుతుంది. ఏకాదశి పొద్దున పుణె వదిలి, సాయంత్రానికి సాస్వడ్. మనం నడిచేది ఆ రోజే. అక్కణ్నుంచి జెజురీ మీదుగా, మొత్తం 200 కిలోమీటర్ల పైచిలుకు నడిచి ఆషాఢ శుద్ధ ఏకాదశికి పండరిపురం చేరతారు. అది మన తొలి ఏకాదశే. 2023లో ఈ సాస్వడ్ నడక జూన్ 14న పడింది, 2024లో జూలై 2న, 2025లో జూన్ 22న. టికెట్లు బుక్ చేసేముందు ఆ ఏటి ప్రకటన చూసుకోండి, తిథి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. తొలి ఏకాదశికి ముందే అధిక మాసం వచ్చిన ఏడాది బాగా ఆలస్యమవుతుంది.

దేహూ నుంచి తుకారాం మహారాజ్ పల్లకీ కూడా అదే రోజుల్లో పుణెలో ఉంటుంది, కాస్త దూరంలో నానా పేఠ్‌లో. ఏకాదశి పొద్దున రెండూ ఒకే రోడ్డున బయల్దేరి హడప్సర్‌లో విడిపోతాయి. తుకారాం పల్లకీ నేరుగా సోలాపూర్ రోడ్డు పట్టుకుని లోణీ కాళ్‌భోర్ వైపు పోతుంది, జ్ఞానేశ్వర్ పల్లకీ కుడివైపు సాస్వడ్ రోడ్డులోకి తిరుగుతుంది. ఒకప్పుడు రెండూ కలిసే వెళ్లేవట. తుకారాం కొడుకు నారాయణ మహారాజ్ 1685లో ఇద్దరి పాదుకలనూ ఒకే పల్లకీలో పెట్టి తీసుకెళ్లే పద్ధతి మొదలుపెట్టాడు. తర్వాత పంతొమ్మిదో శతాబ్దంలో హైబత్‌బాబా అనే ఆయన జ్ఞానేశ్వర్ పల్లకీని వేరు చేసి, దానికి గుర్రాలూ, దిండీలనే నడిచే జట్లూ, ఇప్పుడున్న వరుసా ఏర్పాటు చేశాడు. ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, ఒక ఏడాది మా ఊరి కుర్రాడొకడు జనం వెంట ఊగుతూ పోయి రెండు గంటల తర్వాత లోణీ నుంచి ఫోన్ చేశాడు, "అత్తా, కొండ ఏదీ?" అని. హడప్సర్ గాడీతళ్ దగ్గర కుడివైపు. మర్చిపోకండి.

కాళ్ల సంగతి

దూరం దాదాపు 30 కిలోమీటర్లు. మామూలుగా నడిచే మనిషికి ఏడు గంటలు చాలు, కానీ ఆ రోజు పది నుంచి పన్నెండు గంటలు పడుతుంది. జనం మధ్య అడుగు చిన్నదైపోతుంది, ఆగి ఆగి నడుస్తాం, ఎండలో నిలబడతాం. కాళ్లకి అసలు కష్టం ఆ నిలబడటమే.

నెల ముందు నుంచి ఆదివారాలు నడవండి. ఎనిమిది కిలోమీటర్లు, తర్వాతి వారం పన్నెండు, ఆ తర్వాత పద్దెనిమిది. పార్కులో మట్టి దారి మీద కాదు, తారు రోడ్డు మీదే. మట్టికి అలవాటైన మడమ తారు మీద మూడు గంటలకే మొరాయిస్తుంది.

ఇప్పుడు బూట్లు. 2016లో మా ఆయన ముచ్చటపడి మంచి ఖరీదైన కొత్త బూట్లు కొనిచ్చాడు. నడకకి మూడు రోజుల ముందు. షాపతను "ఇవి వేసుకుంటే నడుస్తున్నట్టే ఉండదు మేడమ్" అన్నాడు. నిజమే, ఘాట్‌కి ముందొచ్చే వడ్కీ దగ్గరికొచ్చేసరికి నేను నడవడం లేదు, ఒక టెంపో వెనక కూర్చుని రెండు కాళ్లూ బయటికి వేలాడేసుకుని ఉన్నాను. రెండు మడమల మీదా రూపాయి బిళ్లంత బొబ్బలు. ఎడమది పగిలిపోయింది కూడా. కాబట్టి కనీసం రెండు నెలలు వాడిన బూట్లే. రబ్బరు చెప్పులతో పండరిపురం దాకా పోయే ముసలివాళ్లు మీకు వందల్లో కనిపిస్తారు. వాళ్లని చూసి మీరు చెప్పులేసుకోకండి, వాళ్లవి ఏడాదంతా పొలంలో తిరిగిన పాదాలు. ఉత్త కాళ్లతో నడుస్తానని మొక్కుకోవద్దు. మొక్కుకుని ఉంటే పుణె వీధుల్లో ఓ ఫర్లాంగు నడిచి తీర్చేసుకోండి, దేవుడేం అనుకోడు.

సాక్సుల విషయంలో టైలరుగా ఒక మాట. సాక్సు వేళ్ల దగ్గర ఒక కుట్టు ఉంటుంది, అడ్డంగా. ఆ జాయింటే చిటికెన వేలిని కోస్తుంది. సాక్సుని తిరగేసి వేసుకోండి, కుట్టు బయటికి వచ్చేలా. చూడ్డానికి బాగోదు, బూటు లోపల ఎవరు చూస్తారు? వేళ్ల సందుల్లో, మడమ చుట్టూ వాజలీన్ దట్టంగా రాయండి. రెండో జత సాక్సులు సంచిలో ఉండాలి, మధ్యాహ్నం ఆగినప్పుడు మార్చుకోవడానికి. గోళ్లు నాలుగు రోజుల ముందే తీసుకోండి. ముందురోజు రాత్రి తీసుకుంటే గోటి అంచు పదునుగా ఉండి పక్క వేలికి గుచ్చుకుంటుంది.

బట్టలు: పల్చటి నూలు. టెర్రీకాటన్ వద్దు, చెమట పీల్చదు. జీన్స్ అసలే వద్దు, వాన పడితే రెండు కేజీల బరువు మోస్తారు. ఆడవాళ్లకి ఇంకొకటి, ఎవరూ బయటికి చెప్పరు కానీ నా షాపుకి వచ్చి అందరూ గుసగుసగా అడుగుతారు. తొడలు ఒరుసుకుని మంట పుట్టడం. సల్వార్ లోపల మోకాలి దాకా వచ్చే మెత్తటి హొజైరీ షార్ట్ వేసుకుంటే ఆ బాధ ఉండదు. చీరతోనే నడుస్తానంటే గోచీ పోసి కట్టే మరాఠీ తొమ్మిది గజాల చీరలో సుఖం, కానీ అది కట్టడం వచ్చినవాళ్లకే. మామూలు చీర అయితే కుచ్చిళ్లు రెండంగుళాలు పైకి.

సంచిలో ఏముండాలి

ఒక లీటరు నీళ్ల బాటిల్ చాలు, దారి పొడుగునా ట్యాంకర్లూ చలివేంద్రాలూ ఉంటాయి. నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. టోపీ. వాన కోసం గొడుగు కాదు, ప్లాస్టిక్ కవరు. ఆ జనంలో గొడుగు తెరిస్తే పక్కవాడి కంట్లో పుల్ల పొడుస్తుంది. వార్కరీలు, అంటే ఏటా పండరిపురం నడిచే భక్తులు, పొడవాటి ప్లాస్టిక్ ముక్కని తల మీంచి వీపు దాకా కప్పుకుంటారు. పదో ఇరవయ్యో పెట్టి దారిలోనే కొనుక్కోవచ్చు. అదే కూర్చోడానికి చాపా అవుతుంది.

బంగారం ఇంట్లో పెట్టి రండి. డబ్బుకి నేను సల్వార్ లోపలివైపు, నడుము పట్టీ కింద చిన్న పాప్లిన్ జేబు కుట్టుకుంటాను. పది, ఇరవై నోట్లు. ఫోన్ పే నమ్ముకోవద్దు, లక్షల ఫోన్లు ఒకేచోట ఉంటే సిగ్నల్ కొన ఊపిరితో ఉంటుంది. ఇదే కారణంగా, విడిపోతే ఎక్కడ కలవాలో పొద్దున్నే మాట్లాడుకోండి. "ఫోన్ చేసుకుందాంలే" అంటే మీరు విడివిడిగానే ఇల్లు చేరతారు. పెద్దవాళ్ల జేబులో పేరు, నంబరు కాగితం మీద మరాఠీలో రాసి పెట్టండి.

సూదీ దారం, ఒక దబ్బనం, నాలుగు పిన్నీసులు. నవ్వకండి, వీటి అవసరం ముందుకొస్తుంది.

ఒక పిడి వేయించిన చెనక్కాయ గింజలు, బెల్లం ముక్క. అనంతపురం నుంచి వచ్చేవాళ్లకి ఇవి తెమ్మని నేను చెప్పాల్సిన పని లేదు.

నడక

పొద్దున ఐదున్నరకల్లా పుల్‌గేట్ దగ్గర ఉండండి. పల్లకీ ఆరింటి ప్రాంతంలో భవానీ పేఠ్ నుంచి బయల్దేరుతుంది. మీరు దానికి ముందుండాలి, వెనక కాదు. వెనక పడ్డవాళ్లకి తొక్కేసిన అరటి తొక్కలూ ఖాళీ అయిన ట్యాంకర్లూ మిగులుతాయి. పూర్తి 30 కిలోమీటర్లు వద్దనుకుంటే హడప్సర్ నుంచి మొదలుపెట్టండి, ఏడెనిమిది కిలోమీటర్లు తగ్గుతాయి. అందులో చిన్నతనమేమీ లేదు, పుణెవాళ్లు సగం మంది అలాగే చేస్తారు.

కొత్తగా వచ్చినవాళ్లకి దిండీ అంటే ఏమిటో చెప్పాలి. మన దిండు కాదు. ఒక ఊరివాళ్లో ఒక గురువు శిష్యులో కలిసి నడిచే జట్టు. ప్రతి దిండీకీ నంబరుంటుంది. కొన్ని పల్లకీని మోసే ఎడ్ల రథానికి ముందు నడుస్తాయి, మిగతావన్నీ వెనక. ముందు కాషాయ జెండాలు, తర్వాత తాళాలు వాయించేవాళ్లు, మధ్యలో మృదంగం, వీణ పట్టుకున్నాయన, తల మీద తులసి కోట పెట్టుకున్న ఆడవాళ్లు. ఈ వరుసని అడ్డంగా దాటకండి. ఫొటో కోసం మధ్యలోకి దూరకండి. దాటక తప్పకపోతే "మావులీ, జరా వాట్ ద్యా" అనండి, దారిస్తారు. మావులీ అంటే అమ్మ. జ్ఞానేశ్వరుణ్ని అలా పిలుస్తారు. ఆ రోజు రోడ్డు మీద ప్రతి మనిషీ ప్రతి మనిషికీ మావులీయే. పోలీసూ మావులీ, టీ అమ్మేవాడూ మావులీ.

మా జేజినాయన మా ఊళ్లో పండరి భజన గురువు. కాళ్లకి గజ్జెలు, చేతిలో తాళాలు. ఆయన విజిల్ ఊదితే అడుగు మారేది. చిన్నప్పుడు చూసి చూసి ఆ అడుగులు నా కాళ్లలో ఉన్నాయి. మొదటి ఏడాది పుల్‌గేట్ దగ్గర ఒక దిండీ పావలీ వేస్తుంటే, అంటే తాళానికి ముందుకీ వెనక్కీ అడుగులేస్తుంటే, ఇదెక్కడో చూశానే అనిపించింది. విజిల్ లేదు, వీణ ఆయన వంక చూస్తున్నారు, అంతే. నడకకి దీనివల్ల ఒక లాభముంది. మీకు నచ్చిన వేగంలో ఉన్న దిండీ ఒకదాన్ని ఎంచుకుని, దాని పక్కనే, తాళానికి అడుగు కలిపి నడవండి. "జ్ఞానోబా మావులీ తుకారాం" అని వాళ్లు అంటుంటే కాలు దానంతటదే పడుతుంది. ఒంటరిగా నడిచేవాడు వేగం పెంచి గంటలో అలిసిపోతాడు.

తిండి గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే హడప్సర్ దాటేలోపే మీ చేతిలో నాలుగు ప్లేట్లు పెడతారు. ఏకాదశి కాబట్టి అంతా ఉపవాసం తిండి: సాబుదానా ఖిచిడీ, అరటిపళ్లు, వేరుశెనగ లడ్డూలు, తోటకూర గింజల లడ్డూలు, టీ. సగ్గుబియ్యం, చెనక్కాయల పొడి, నెయ్యి కలిసిన ఆ ఖిచిడీ ఎంత రుచిగా ఉంటుందో కడుపులో అంత బరువుగా కూర్చుంటుంది. పైగా దాహం. ఒక్క ప్లేటు చాలు, అదీ ఎనిమిదింటిలోపు. తర్వాత అరటిపండు, ఓఆర్ఎస్, మీ బెల్లం ముక్క. ఇంకా పెట్టబోతే "పురే, పురే" అనండి. చాలు అని అర్థం. మా వదిన (మా ఆయన అక్క) ఆ మాట విని, ముందెక్కడో పూరీలు పెడుతున్నారేమోనని మెడ చాచి చూసింది. షుగర్ ఉన్నవాళ్లు ఉపవాసం జోలికి పోకండి, మాత్ర వేళకి వేసుకుని మీ టిఫిన్ మీరు తినండి.

హడప్సర్ దాటాక ఫుర్సుంగీ ఫాటా, ఉరుళీ దేవాచీ, వడ్కీ. ఇదే నేను చెప్పిన మొదటి గండం. అప్పటికి తొమ్మిదిన్నర, పది. వాన లేకపోతే ఎండ చురుక్కుమంటుంది. చెట్టు నీడ తక్కువ, రెండు పక్కలా గోడౌన్లు, దుకాణాలు. చూడ్డానికేమీ లేదు కాబట్టి అందరూ త్వరగా దాటేద్దామని పరుగు లాంటి నడక నడుస్తారు. అక్కడే పిక్కలు పట్టేస్తాయి. నా లెక్క: నలభై నిమిషాలు నడక, పది నిమిషాలు కూర్చోవడం, దాహం వేసినా వేయకపోయినా రెండు గుక్కలు. కూర్చున్న ప్రతిసారీ బూట్లు విప్పాలి. మడమ మీద ఎక్కడైనా వెచ్చగా, ఎర్రగా కనిపిస్తే అప్పుడే టేపు అంటించండి. బొబ్బ వచ్చాక అంటించే టేపు అలంకారానికే. ఉచిత వైద్య శిబిరాలు దారిలో చాలా ఉంటాయి, కాళ్లు పట్టే కాలేజీ పిల్లలూ ఉంటారు. సిగ్గుపడకండి. తెగిన చెప్పులు ఊరికే కుట్టిపెట్టేవాళ్లు కూడా కూర్చుని ఉంటారు.

ఆడవాళ్లు బాత్రూమ్ గురించి భయపడి నీళ్లు తాగడం మానేస్తారు. అది చాలా తప్పు. పల్లకీ ఆగే చోట్ల వరుసగా తాత్కాలిక మరుగుదొడ్లు పెడతారు. రథం రాకముందే వెళ్తే శుభ్రంగా ఉంటాయి, క్యూ ఉండదు. ఉరుళీలో ఒకసారి, వడ్కీలో ఒకసారి తప్పకుండా వెళ్లండి. ఘాట్ మీద నాకెప్పుడూ ఒక్కటీ కనబడలేదు.

వడ్కీలో ఎక్కువసేపు ఆగండి, గంటన్నర. వీపు ఆనించి, కాళ్లు గోడకో డివైడరుకో ఎత్తిపెట్టి పడుకోండి. ఇది నాకు ఒక ముసలావిడ నేర్పింది. పర్భణీ వైపు నుంచి వచ్చింది, డెబ్భై దాటి ఉంటుంది. ముందు రోజుల నడకకి ఆమె గుడ్డసంచి పట్టీ తెగిపోయి, ముడి వేసి మోస్తోంది. ఆ ముడి సరిగ్గా భుజం ఎముక మీద పడుతోంది. నాకు చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు. సంచి అడిగి తీసుకుని, ముడి విప్పి, చిరిగిన అంచులు లోపలికి మడిచి, దబ్బనంతో రెండు వరుసలు, మధ్యలో గుణకారం గుర్తులా అడ్డంగా కుట్టి ఇచ్చాను. లోపల ఒక చీర, చిన్న పుస్తకం, స్టీలు గ్లాసు, పసుపు పొట్లం. ఇంకా దాదాపు రెండు వారాలు నడవాల్సిన మనిషి సామాను అంతే. ఆమె పట్టీ లాగి చూసుకుంది, లేచింది, వంగి నా కాళ్లకి దండం పెట్టింది.

నేను అదిరిపడ్డాను. మా అవ్వ వయసు మనిషి నా కాళ్లు ముట్టుకుంటే ఆయుష్షు తగ్గుతుందని పెరిగినదాన్ని. వెనక్కి గెంతాను. పక్కనున్నవాళ్లు నవ్వి, నువ్వూ వంగు అన్నారు. అదీ పద్ధతి. ఇక్కడ చిన్నా పెద్దా లేదు, ఒకరు వంగితే రెండోవారూ వంగుతారు, ఇద్దరూ "మావులీ" అంటారు. మీకూ ఇది జరుగుతుంది, నీళ్లు పోసినా చాలు జరుగుతుంది. గెంతకండి, వంగండి. నడుము పట్టేసి ఉంటుంది కాబట్టి మెల్లగా.

ఇక ఘాట్. వాహనాలు ఆపేస్తారు, రోడ్డంతా మనదే. నాలుగైదు కిలోమీటర్ల ఎక్కుడు, మెలికలు మెలికలుగా. రథానికి గంట ముందు మొదలుపెట్టండి, అంటే రెండున్నర, మూడు మధ్య. ముసలావిడ చెప్పిన రెండో సంగతి: పైకి చూడకు, ముందు నడిచేవాడి మడమలు చూడు. మెలిక దగ్గర లోపలి అంచు పట్టుకోవద్దు, దగ్గరని అందరూ అటే పోతారు, అక్కడే ఎత్తు ఎక్కువ. బయటి అంచున నడిస్తే పది అడుగులు ఎక్కువైనా మోకాళ్లకి తేలిక. మా వదిన మోకాళ్ల నొప్పులతోనే ఎక్కింది. ప్రతి మెలికకీ "ఏమే, ఇంకెన్ని?" అని అడిగేది. నేను ప్రతిసారీ "రెండే వదినా" అనేదాన్ని.

సగం ఎక్కాక ఒక చోట ఆగి వెనక్కి చూడండి. కింద మస్తానీ చెరువు, దాని అవతల మీరు పొద్దున్నుంచి నడిచిన రోడ్డు, ఆ రోడ్డు నిండా తెల్ల టోపీలు, మధ్యమధ్యలో జెండాలు. రోడ్డే మెల్లగా పాకుతున్నట్టుంటుంది. రథం ఎక్కేటప్పుడు మామూలు జత ఎడ్లు సరిపోవని అదనంగా ఎడ్ల జతలు కడతారు. అది చూడాలంటే రోడ్డు అంచుకి దూరంగా, గట్టు మీద చోటు చూసుకోండి. ఎడ్లు వస్తుంటే జనం ఒక్కసారిగా పక్కకి ఒత్తుకుంటారు, పిల్లలతో ఉన్నవాళ్లు ఆ ఒత్తిడిలో ఉండొద్దు. గుర్రాలు గుండ్రంగా పరుగెత్తే రింగణం ఈ రోజు ఉండదు, అది చాలా రోజుల తర్వాత లోణంద్ దాటాక. దాని కోసం వెతుక్కుంటూ తిరగకండి. రెండు గుర్రాల్లో ఒకదాని మీద ఎవరూ ఎక్కరు, అది మావులీ గుర్రం. బెళగావి జిల్లా అంకలి నుంచి వస్తాయి ఆ గుర్రాలు. దారి పక్కన దాన్ని ముట్టుకుని దండం పెట్టుకుంటారు. వెనక కాళ్ల వైపు మాత్రం పోకండి, దేవుడి గుర్రమైనా గుర్రం గుర్రమే.

పైన గాలి తగలగానే అయిపోయిందనిపిస్తుంది. ఘాట్ పైనున్న ఆ ఊరు ఝేండేవాడీ. అందరూ కూర్చుంటారు. సెల్ఫీలు, టీ. ఇదే రెండో గండం. ఇంకా గంటన్నర, రెండు గంటల దారి ఉంది. చెమట ఆరి చలిగాలికి కండరాలు బిగుసుకుపోతాయి. పదిహేను నిమిషాల కన్నా కూర్చుంటే లేవలేరు. సాక్సులు మార్చుకోవడం మర్చిపోయి ఉంటే ఇక్కడ మార్చండి, బెల్లం తినండి, లేవండి. తర్వాత దారి చదునుగా, కొంచెం దిగుడుగా ఉంటుంది. దిగుడులో వేళ్లు బూటు ముందుకి గుద్దుకుంటాయి, కాబట్టి లేసులు మడమ దగ్గర బిగించి కట్టండి. ఇది పురందర్ తాలూకా. అంజూర్, సీతాఫలం తోటల ప్రాంతం. అంజూర్ పళ్లు కనిపిస్తే కొనండి కానీ ఆ రాత్రి తినకండి, పొట్ట ఇప్పటికే సగ్గుబియ్యంతో యుద్ధం చేస్తోంది.

సాస్వడ్‌లో

ఊళ్లోకి రాగానే కర్హా నది ఒడ్డున సోపానదేవుడి సమాధి గుడి ఉంది. జ్ఞానేశ్వరుడి తమ్ముడు ఆయన. తమ్ముడి ఊరని అన్న రెండు రాత్రులు ఆగుతాడు అంటారు ఇక్కడివాళ్లు. పల్లకీ నిజంగానే రెండు రాత్రులు ఆగుతుంది. దర్శనం క్యూ పెద్దది. ఆ కాళ్లతో నిలబడొద్దు, బయటి నుంచే దండం పెట్టుకోండి.

ఓపిక మిగిలితే పల్లకీ దిగే మైదానానికి మాత్రం పోండి. రథం చేరేసరికి చీకటి పడుతుంది. దిండీలన్నీ గుండ్రంగా నిలబడి ఒకేసారి తాళాలు వాయిస్తుంటాయి, పక్కనున్న మనిషి మాట వినబడదు. అప్పుడు దిండీల వరుస చూసుకునే చోప్‌దార్ వెండి కర్ర పైకెత్తుతాడు. అంతే, ఒక్క తాళం మోగదు. చంటిపిల్ల ఏడుపు ఒక్కటే వినిపిస్తుంది. ఏదైనా దిండీకి ఫిర్యాదుంటే వాళ్లు మాత్రం వాయించడం ఆపరు. నీళ్లు అందలేదనో, వరుస తప్పిందనో. అప్పుడు వాళ్లని అడిగి, విని, తేల్చాకే హారతి. ఇన్ని వేలమందిలో గొంతు పెంచకుండా ఫిర్యాదు చేసే ఉపాయం అది. మా అపార్ట్‌మెంట్ మీటింగులో కూడా ఇలాంటిదొకటి పెట్టాలని సెక్రటరీకి చెప్పాను, ఆయన నవ్వి ఊరుకున్నాడు.

తర్వాత పోయిన వస్తువులు, దొరికిన వస్తువులు చదువుతారు. నేను విన్న ఏడాది కళ్లజోడు, ఒక పర్సు, తాళంచెవుల గుత్తి. ఆఖర్న ఒక గుడ్డసంచి. పట్టీ మీద కుట్టు ఎలా ఉందో చెబుతారేమోనని మెడ చాచాను. చెప్పలేదు, వేరే ఎవరిదో వచ్చి తీసుకుపోయారు.

వెనక్కి రావడానికి దివే ఘాట్ మీద ఆశ పెట్టుకోవద్దు, అది మూసి ఉంటుంది. బోప్‌దేవ్ ఘాట్ మీదుగా కోంఢ్వా వైపు బస్సులు తిరుగుతాయి. సిటీ బస్సు దొరికితే మొదటిదే ఎక్కండి, సీటు కోసం చూస్తూ మూడు వదిలేస్తే నాలుగోది రాదు. సొంత బండి సాస్వడ్‌కి తెప్పించుకుందామనే ప్లాను మానుకోండి, లోపలికి రానివ్వరు.

ఇంటికి రాగానే వేడినీళ్లలో గుప్పెడు ఉప్పు వేసి కాళ్లు పెట్టండి. బొబ్బ ఉంటే సూదితో పొడవద్దు, పైచర్మం పీకొద్దు, అలాగే వదిలేసి మెత్తటి గుడ్డ కట్టండి. సూది నా చేతిలో రోజంతా ఉంటుంది, అయినా ఆ పని నేను చెయ్యను. మర్నాడు మధ్యాహ్నం దాకా నా షాపు తెరవను. బ్లౌజుల కోసం వచ్చేవాళ్లు ఫోన్ చేసి రండి. మా మిషన్‌కి మోటారు ఉంది కానీ, దాని స్విచ్చు కాలి కిందే.